మేరీ ఆనింగ్: సముద్రం మళ్లీ బతికిన కథను తవ్వితీసిన వడ్రంగి కూతురు

మ్యూజియంలో ఏ శిలాజం ముందు నిలబడినా కింద ఒక చిన్న పలక కనిపిస్తుంది. ఆ జీవి పేరు, దొరికిన చోటు, దానికి పేరు పెట్టిన శాస్త్రవేత్త, మ్యూజియంకు ఇచ్చిన దాత, ఈ వివరాలన్నీ ఉంటాయి. ఆ రాయిని కొండలోంచి బయటికి తీసినవాళ్ల పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఒక వడ్రంగి కూతురు తీసిన శిలాజాలకు సరిగ్గా ఇదే జరిగింది. ఆమె పేరు మేరీ ఆనింగ్. భూమ్మీద సముద్ర జీవులు ఒకసారి మూకుమ్మడిగా చచ్చిపోయి, మళ్లీ ఎలా నిలదొక్కుకున్నాయో చెప్పే రాళ్ల మధ్య ఆమె బతుకంతా గడిచింది.

ఇంగ్లండ్‌లో మన కులం లేదు. మేరీని మన అంటరానితనపు కొలతలోకి ఇరికించాలన్నది మా ఉద్దేశం కాదు. కానీ పేదరికం, ఆడపుట్టుక, రాజ్యమతానికి బయట ఉన్న కుటుంబం, చేతిపని, ఈ నాలుగూ కలిసి ఆమె ముందు ఏ తలుపులు మూశాయో తెలుసుకుంటే, చేతులతో పనిచేసేవాళ్ల తెలివి జ్ఞానంగా లెక్కకు రాకుండా ఎలా పోతుందో మనకు తేటగా అర్థమవుతుంది. అందుకే ఆమె కథ మన విద్యార్థులకు చెప్పాలనుకున్నాం.

ఆకలి కాలంలో పుట్టిన పిల్ల

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ ప్రాంతంలో లైమ్ రీజిస్ అనే చిన్న ఊరు ఉంది. 1799 మే 21న మేరీ అక్కడ పుట్టింది. తండ్రి రిచర్డ్ చెక్క సామాన్లు చేసే వడ్రంగి. తల్లి పేరు కూడా మేరీయే, అందరూ మోలీ అని పిలిచేవారు. ఆ దంపతులకు పదిమంది దాకా పిల్లలు పుడితే పెద్దయ్యేదాకా బతికింది ఇద్దరే: మేరీ, ఆమె అన్న జోసెఫ్. అంతకుముందు పుట్టిన అక్క నాలుగేళ్ల వయసులో ఒంటిమీది బట్టలకు నిప్పంటుకుని చనిపోయింది. ఆ అక్క పేరే ఈమెకు పెట్టారు. 1800 ఆగస్టులో మేరీ పదిహేను నెలల పసిబిడ్డ. ఆమెను ఎత్తుకుని చెట్టుకింద నిలబడ్డ స్త్రీల మీద పిడుగు పడింది. ముగ్గురు స్త్రీలు చనిపోయారు. పాప బతికింది.

అవి ఫ్రాన్స్‌తో యుద్ధాల రోజులు. గోధుమల ధర పెరిగిపోయి పేదల ఇళ్లలో రొట్టె కరువైంది. తిండి కొరత మీద లైమ్‌లో జరిగిన నిరసనల్లో రిచర్డ్ ముందు నిలిచాడు. ఆ కుటుంబం ప్రభుత్వ చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో లేదు, కాంగ్రిగేషనలిస్టు అనే వేరే క్రైస్తవ శాఖలో ఉండేది. అలాంటి కుటుంబాల మగపిల్లలకు కూడా అప్పట్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పట్టాలు అందేవి కావు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. మేరీకి దక్కిన చదువు ఆదివారం బడి ఒక్కటే. అక్కడే చదవడం, రాయడం నేర్చుకుంది.

లైమ్ పక్కనున్న సముద్రపు కొండలు మెత్తటివి. చలికాలం తుపానులకు విరిగి పడుతుంటాయి. విరిగిన ప్రతిసారీ కొత్త శిలాజాలు బయటపడతాయి. యుద్ధం వల్ల ఐరోపా యాత్రలకు పోలేని ధనవంతులు ఇలాంటి తీరాలకు సేదతీరడానికి వచ్చేవారు. రిచర్డ్ పని లేనప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని కొండల కింద తిరిగి, వింత రాళ్లు ఏరి, వచ్చినవాళ్లకు అమ్మేవాడు. చుట్ట చుట్టుకున్న పాములా కనిపించే రాళ్లను ఊళ్లో పాము రాళ్లు అనేవారు. వంకర తిరిగిన ఆల్చిప్పలను దయ్యం గోళ్లు అనేవారు. వాటి వెనకున్న కథ అప్పటికి ఎవరికీ తెలియదు.

1810లో రిచర్డ్ చనిపోయాడు. కొండమీంచి పడిన దెబ్బ, క్షయ కలిసి నలభై నాలుగేళ్లకే అతణ్ని తీసుకుపోయాయి. అతను వదిలిపోయింది 120 పౌండ్ల అప్పు. కుటుంబం పారిష్ పేదలకిచ్చే సాయం మీద బతకాల్సి వచ్చింది. పదకొండేళ్ల మేరీకి రాళ్లు ఏరడం అప్పటినుంచి పూట గడవడానికి చేసే పని అయింది.

ఆ రాళ్లలో ఏముంది

మేరీ తవ్విన పొరల పేరు బ్లూ లయాస్. నీలిబూడిద రంగు సున్నపురాయి ఒక వరస, గట్టిపడిన బంకమట్టి ఒక వరస, పుస్తకంలో పేజీల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఇదంతా ఒకప్పటి సముద్రపు అడుగు. లైమ్‌కు పడమరగా ఉన్న పిన్‌హే బే దగ్గర ఈ పుస్తకం మొదటి పేజీలు కనిపిస్తాయి. అవి సుమారు 20 కోట్ల సంవత్సరాల నాటివి.

దానికి కాస్త ముందే భూమి మీద ఒక మహావినాశం జరిగింది. ట్రయాసిక్ యుగం ముగిసేవేళ, అంటే 20 కోట్ల 10 లక్షల సంవత్సరాల కిందట, ఖండాలన్నీ కలిసి ఉన్న పాంజియా చీలడం మొదలైంది. ఆ చీలికలోంచి లావా పొంగింది. ఆ లావా గట్టిపడిన రాయి ఇవాళ రెండు అమెరికాల్లో, ఆఫ్రికాలో, ఐరోపాలో దొరుకుతోంది. లావాతో పాటు కార్బన్ డయాక్సైడ్ భారీగా గాలిలో కలిసింది. భూమి వేడెక్కింది. సముద్రపు నీళ్లలో ఆమ్లత పెరిగింది, చాలాచోట్ల ప్రాణవాయువు తగ్గింది. సున్నంతో పెంకు కట్టుకునే జీవులకు అది చావుదెబ్బ. పగడపు దిబ్బలు కూలిపోయాయి. భూమి మీది జాతుల్లో సగానికి పైగా అంతరించాయి. శాస్త్రవేత్తలు లెక్కపెట్టే అయిదు మహావినాశాల్లో ఇది నాలుగోది.

పాము రాళ్లని ఊళ్లో పిలిచినవి అమ్మోనైట్లు. స్క్విడ్‌కు దూరపు చుట్టాలైన ఈ జీవులు చుట్ట తిరిగిన పెంకులో ఉండేవి. ఆ వినాశంలో వాటి వంశాలన్నీ పోయి ఒకటి రెండు మాత్రమే మిగిలాయని పరిశోధకుల అంచనా. బ్లూ లయాస్ అడుగు పొరల్లో ముందు దొరికేవి చిన్న ఆల్చిప్పల గుంపులు. కష్టకాలానికి తట్టుకునే కొద్ది రకాలే అక్కడ కిక్కిరిసి ఉంటాయి. ఆ తర్వాత సైలోసెరాస్ అనే అమ్మోనైట్ కనిపిస్తుంది. నున్నటి పెంకుతో అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పైపొరలకు వెళ్లేకొద్దీ రకాలు పెరుగుతాయి. లైమ్ పక్కనే ఉన్న మన్‌మత్ బీచ్‌లో రెండడుగుల వెడల్పున్న అమ్మోనైట్లు కూడా బండలమీద పరుచుకుని కనిపిస్తాయి.

ఆల్చిప్పలదీ అదే దారి. ప్లాజియోస్టోమా అనే రకం పెంకుల్ని ఈ మధ్య బ్రిటిష్ పరిశోధకులు పొరపొరకూ కొలిచి చూస్తే, కింద చిన్నవిగా ఉన్నవి పైకి పోయేకొద్దీ పెద్దవయ్యాయి. సముద్రపు అడుగు బురదలో పురుగులు తొలిచిన బొరియలు కూడా మొదట సన్నగా, కొద్దిగా ఉండి, తర్వాత లావుగా, రకరకాలుగా మారాయి. అంటే నీళ్లలోకి, బురదలోకి ప్రాణవాయువు తిరిగి వచ్చిందన్నమాట. ఈ కోలుకోవడానికి లక్షల ఏళ్లు పట్టింది.

మన దేశంలో పూజగదుల్లో ఉండే సాలగ్రామం కూడా అమ్మోనైటే. నేపాల్ గండకి నదిలో దొరికే ఆ రాళ్లు ఈ కోలుకున్న వంశాల తర్వాతి తరాలు. స్త్రీలు, శూద్రులు దాన్ని తాకకూడదని రాసిన శాస్త్రాలు మనకున్నాయి. అదే జాతి రాయిని లైమ్ తీరంలో ఒక పేద పిల్ల పగలగొట్టి, శుభ్రం చేసి, రొట్టె కోసం అమ్మింది.

తలకాయ దొరికింది, పేరు పోయింది

1811లో జోసెఫ్‌కు కొండలో ఒక పెద్ద తలకాయ దొరికింది. నాలుగడుగుల పొడవుంది. మొసలిదేమో అనుకున్నారు. ఆ మరుసటి ఏడు మేరీ మిగతా అస్థిపంజరం ఎక్కడుందో కనిపెట్టింది. అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్లు. పనివాళ్లను పెట్టి దాన్ని బయటికి తీయించారు. ఊరి భూస్వామి హెన్లీ 23 పౌండ్లిచ్చి కొన్నాడు. అది లండన్‌లో ప్రదర్శనకు వెళ్లింది. 1819లో వేలంలో బ్రిటిష్ మ్యూజియం దాన్ని 45 పౌండ్లకు పైగా పెట్టి కొనుక్కుంది. ఎవరార్డ్ హోమ్ అనే పేరున్న వైద్యుడు 1814 నుంచి ఆ జీవి మీద వరసగా వ్యాసాలు రాశాడు. వాటిలో మేరీ పేరు గానీ ఆ కుటుంబం పేరు గానీ లేదు. తర్వాత ఆ జీవిని ఇక్తియోసార్ అన్నారు. చేపలా ఈదే సరీసృపం అది.

అప్పుడు శాస్త్రంలో ఒక పెద్ద చర్చ నడుస్తోంది. ఒక జాతి మొత్తంగా అంతరించిపోగలదా? దేవుడు సృష్టించింది నశించదని చాలామంది నమ్మకం. అంతరించడం నిజమని ఫ్రాన్స్‌లో జార్జ్ క్యువియే ఎముకలు చూపించి వాదించాడు. ఇవాళ ఎక్కడా లేని జీవులు ఒకప్పుడు సముద్రాన్ని ఏలాయని చూపడానికి లైమ్ ఎముకలంత గట్టి రుజువులు తక్కువ.

1823 డిసెంబరులో మేరీ పొడవాటి మెడ ఉన్న ప్లీసియోసార్ అస్థిపంజరాన్ని దాదాపు పూర్తిగా బయటికి తీసింది. దాని బొమ్మ చూసి క్యువియేకే అనుమానం వచ్చింది. ఏ జంతువుకూ ఇంత పొడవు మెడ ఉండదు, రెండు జీవుల ఎముకలు అతికించి మోసం చేశారేమో అన్నాడు. ఆ మాట నిలబడి ఉంటే మేరీ బతుకుతెరువు అక్కడితో ఆగిపోయేది. లండన్ జియొలాజికల్ సొసైటీలో చర్చ జరిగింది. ఎముకలు నిజమైనవేనని తేలింది, క్యువియే తన మాట వెనక్కి తీసుకున్నాడు. 1824 ఫిబ్రవరిలో అదే సొసైటీలో విలియం కానిబేర్ ఆ జీవి గురించి ప్రసంగించాడు. తవ్వితీసిన మనిషి పేరు చెప్పలేదు. ఆ గదిలోకి వచ్చి కూర్చునే హక్కు కూడా ఆమెకు లేదు. సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోదు.

చేతికి తెలిసినది

మేరీ చేసింది రాళ్లు ఏరడమేనని, వాటిని అర్థం చేసుకుంది చదువుకున్న మగవాళ్లని అనుకోవడం తేలిక. వాస్తవం వేరు. బురద రాయిలో ఎముక ఎంత లోతున ఉందో, ఏ పక్క నుంచి ఉలి పెడితే విరగదో తెలియాలంటే ఆ జంతువు ఒళ్లు తెలియాలి. ఆమె చేపల్ని, కటిల్ ఫిష్‌ని కోసి లోపలి భాగాలు చూసి నేర్చుకుంది. పుస్తకాలు కొనే స్తోమత లేక శాస్త్రవేత్తల వ్యాసాలు తెప్పించుకుని, బొమ్మలతో సహా చేత్తో నకలు రాసుకుంది.

ఆ పరిశీలనల్లో రెండింటిని మనం గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, బెజోర్ రాళ్లనే గుండ్రటి రాళ్ల సంగతి. అవి ఇక్తియోసార్ అస్థిపంజరాల కడుపు భాగంలో ఉంటున్నాయని ఆమె గమనించింది. పగలగొడితే లోపల చేపల పొలుసులు, ఎముక ముక్కలు కనిపించాయి. ఆ సంగతి ఆధారంగా విలియం బక్‌లాండ్ 1829లో అవి రాయిగా మారిన పేడ అని తేల్చి, కాప్రొలైట్ అని పేరు పెట్టాడు. ఇది చిన్న విషయం కాదు. ఏ జీవి దేన్ని తిన్నదో తెలిస్తేనే ఒక సముద్రపు తిండి గొలుసు మనకు కనిపిస్తుంది. వినాశం తర్వాత ఆ గొలుసు మళ్లీ అల్లుకుందని చెప్పగలగడానికి ఇలాంటి రుజువులే ఆధారం.

రెండోది, బెలెమ్నైట్ అనే బాణం ములుకు లాంటి శిలాజం. 1826 ప్రాంతంలో అందులో ఎండిన సిరా సంచిని ఆమె గుర్తించింది. ఇప్పటి స్క్విడ్, కటిల్ ఫిష్ సిరా చిమ్మినట్టే ఆ జీవీ చిమ్మేదని అర్థం చేసుకుంది. ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్ ఆ సిరాను నీళ్లతో కలిపి దానితోనే శిలాజాల బొమ్మలు గీసింది.

1828లో ఆమెకు రెక్కలున్న సరీసృపం, టెరోసార్ దొరికింది. జర్మనీ బయట అలాంటిది దొరకడం అదే మొదలు. ఈసారి బక్‌లాండ్ ఆమె పేరు చెప్పాడు. 1839లో ఒక శాస్త్ర పత్రికలో హైబోడస్ అనే షార్క్ గురించి వచ్చిన కొత్త వాదనను ఆమె ఉత్తరం రాసి ప్రశ్నించింది. అలాంటి పళ్లు తాను ఎన్నో ఏళ్ల కిందటే చూశానని చెప్పింది. ఆమె జీవితకాలంలో ఆమె పేరుతో శాస్త్ర పత్రికలో అచ్చయింది ఆ ఉత్తరం ముక్క ఒక్కటే.

ఆమె మాత్రం ఇదంతా మౌనంగా భరించలేదు. తన తెలివి వాడుకుని పెద్దమనుషులు పుస్తకాలు వేసుకున్నారని, తనకు ఏమీ మిగల్లేదని ఆమెకు కోపం ఉండేది. వెంట కొండలకు వెళ్లిన అన్నా పిన్నీ అనే యువతి ఈ సంగతి రాసిపెట్టింది.

సాయం, సమానత్వం ఒకటి కావు

మేరీకి ఎవరూ సాయం చేయలేదనడం అబద్ధం అవుతుంది. 1820లో ఆ కుటుంబం ఇంట్లో సామాన్లు అమ్ముకునే స్థితిలో ఉంటే, థామస్ బర్చ్ అనే మాజీ సైనికాధికారి తన శిలాజాల సేకరణను వేలం వేశాడు. దానికి 400 పౌండ్లు వచ్చాయి, వాటిని వాళ్ల కోసమే తలపెట్టాడు. 1830లో హెన్రీ డి లా బేష్ ఆమె తీసిన శిలాజాల ఆధారంగా ఆ పాత సముద్రాన్ని బొమ్మగా వేశాడు. ఒకదాన్నొకటి వేటాడే జీవులతో నిండిన నీళ్లు అవి. ఆ బొమ్మ ప్రతులు అమ్మిన డబ్బు ఆమెకు ఇచ్చాడు. 1830ల నడుమ ఆమె దాచుకున్న సొమ్ము పోయినప్పుడు బక్‌లాండ్ ప్రయత్నించి ఏడాదికి 25 పౌండ్ల భరణం ఇప్పించాడు.

వీళ్లు మంచివాళ్లే. అయినా వాళ్లకు తట్టినది దానం. సొసైటీ తలుపు తెరవాలని తట్టలేదు. ఆమె శిలాజాల మీద మాట్లాడటానికి వేదిక ఉంది, పత్రిక ఉంది, పదవి ఉంది. అవన్నీ వాళ్లవి. తుపాను కొండ కింద ఉలి పట్టుకుని నిలబడే పని ఆమెది. 1833లో కొండచరియ ఆమె పక్కనే విరిగి పడి, ఎప్పుడూ వెంట ఉండే ట్రే అనే కుక్క దాని కింద చచ్చిపోయింది. ఆమె కొద్దిలో తప్పించుకుంది. మర్నాడు మళ్లీ పనికి పోకపోతే పూట గడవదు.

ఆమె 1826లోనే అద్దాల కిటికీ ఉన్న ఒక ఇల్లు కొని దుకాణం పెట్టింది. ఐరోపా నుంచి శాస్త్రవేత్తలు వచ్చేవారు. 1844లో సాక్సనీ రాజు స్వయంగా వచ్చి ఇక్తియోసార్ కొనుక్కున్నాడు. తను మాత్రం ఒక్కసారి, 1829లో, లండన్ వెళ్లి వచ్చింది.

1847 మార్చి 9న రొమ్ము క్యాన్సర్‌తో ఆమె చనిపోయింది. నలభై ఏడేళ్లు. చివరి రోజుల్లో నొప్పికి నల్లమందు మందు తాగుతుంటే, ఊళ్లో కొందరు ఆమె తాగుబోతైందని చెప్పుకున్నారు.

పేరు ఎలా తిరిగి వచ్చింది

ఆమె పోయిన మరుసటి ఏడు జియొలాజికల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉన్న డి లా బేష్ ఆమెకు సంతాపం చదివాడు. సభ్యురాలు కాని మనిషికి, పైగా ఒక స్త్రీకి అలా చేయడం అక్కడ కొత్త. 1850లో సొసైటీ సభ్యులు లైమ్ చర్చిలో ఆమె పేరిట రంగుటద్దాల కిటికీ పెట్టించారు. ఆడవాళ్లకు సొసైటీ సభ్యత్వం ఇచ్చింది మాత్రం 1919లో. అప్పటికి మేరీ చనిపోయి 72 ఏళ్లు.

ఆమె మరణం తర్వాత 1850ల్లో జర్మనీలో ఆల్బర్ట్ ఓపెల్ అమ్మోనైట్ల వరసను బట్టి జురాసిక్ కాలాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించాడు. ఒక పొరలో ఏ అమ్మోనైట్ ఉందో చూసి ఆ పొర వయసు చెప్పడం అప్పుడు సాధ్యమైంది. వినాశం తర్వాత ఏ జీవి ముందు తిరిగి వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది ఇవాళ చెప్పగలుగుతున్నది ఆ పద్ధతి వల్లే. గాలిలోకి కార్బన్ ఎక్కువైతే సముద్రంలో పెంకు జీవులకు ఏమవుతుందన్నది ఇప్పుడు మన ముందున్న ప్రశ్న కూడా. అందుకే పరిశోధకులు ఇంకా ఆ తీరానికి వెళుతున్నారు. సముద్రం కోలుకుంటుందని ఆ రాళ్లు చెబుతున్నాయి. అయితే ఆ కోలుకోవడం మనుషుల ఆయుష్షు లెక్కలో జరగదని కూడా చెబుతున్నాయి.

సముద్రానికి కాలమే సరిపోయింది. మేరీ పేరు తిరిగి రావడానికి మాత్రం మనుషులు పనిచేయాల్సి వచ్చింది. చరిత్రకారులు పాత ఉత్తరాలు, వేలం చిట్టాలు, మ్యూజియం దస్తావేజులు వెతికి ఏ శిలాజం ఆమెదో తేల్చారు. 2010లో రాయల్ సొసైటీ బ్రిటన్ విజ్ఞాన చరిత్రను ప్రభావితం చేసిన పదిమంది స్త్రీలలో ఆమెను చేర్చింది. లైమ్‌లో ఆమెకు విగ్రహం లేదేమని ఒక బడిపిల్ల అడిగి, తల్లితో కలిసి ఉద్యమం నడిపింది. 2022 మే 21న, మేరీ పుట్టినరోజున, ఆ విగ్రహం నిలబడింది. చేతిలో సుత్తి, పక్కన ట్రే ఉన్నాయి.

కులం పనిని మాత్రమే విడదీయదని, పనిచేసే మనుషుల్నే మెట్లుగా విడదీస్తుందని బాబాసాహెబ్ మనకు నేర్పారు. చెయ్యి కింది మెట్టు, తల పై మెట్టు అన్న నమ్మకం మన విశ్వవిద్యాలయాల్లోనూ బతికే ఉంది. మన దేశంలో తవ్వకాలు జరిగే చోట మట్టి తీసేది, తట్టలు మోసేది, కుండ పెంకును మొదట చూసి చెప్పేది ఆ పక్క ఊళ్ల కూలీలు. వాళ్ల పేర్లు నివేదికల్లో కనిపించడం అరుదు. జియాలజీ, పురావస్తు శాస్త్రం, జీవశాస్త్రం చదువుతున్న మన పిల్లలు ఫీల్డుకు వెళ్లినప్పుడు ఒక పని చేయాలని అడుగుతున్నాం. రాయి దొరికిన చోటు, లోతు, తేదీ రాసే నోటుబుక్కులో, దాన్ని మొదట చూసిన మనిషి పేరు కూడా రాయండి. ఊరు పేరుతో సహా రాయండి. వ్యాసం అచ్చుకు పంపేటప్పుడు ఆ పేరు ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి.